అంకె మారితే సొమ్ము ఆగుతుంది: కంప్యూటర్ జాబితాలు, ఈమెయిళ్లలో పాటించవలసిన జాగ్రత్తలు

పాఠశాలలో ఉపకార వేతనాల జాబితా కావచ్చు, సహకార సంఘంలో సభ్యుల ఖాతాల పట్టిక కావచ్చు. నేడు ఇవన్నీ ఎక్సెల్‌లో తయారై ఈమెయిల్ ద్వారా పై కార్యాలయాలకు చేరుతున్నాయి. ఖాతా సంఖ్యలో ఒక్క అంకె మారినా అర్హుడికి అందవలసిన సొమ్ము వెనక్కి పోతుంది. ఇటువంటి పొరపాట్లకు టైపు చేసేవారి అజాగ్రత్తే ప్రతిసారీ కారణం కాదు. కంప్యూటర్ తనంతట తాను చేసే మార్పులు కూడా కారణమవుతాయి. తరచుగా ఎదురయ్యే సమస్యలు, వాటి పరిష్కార మార్గాలు ఇవి.

ముందున్న సున్నా మాయం

గడిలో అంకెలు మాత్రమే ఉంటే ఎక్సెల్ దానిని లెక్కకు పనికివచ్చే సంఖ్యగా భావిస్తుంది. అందువల్ల ఖాతా సంఖ్యకు ముందున్న సున్నాలను తొలగిస్తుంది. పైగా 15 అంకెల వరకే సరిగా గుర్తుంచుకొని, ఆపై వచ్చే ప్రతి అంకెనూ సున్నాగా మార్చివేస్తుంది. 16 అంకెల ఖాతా సంఖ్య చివర 7 ఉన్నా తెరపై 0 కనిపించడానికి కారణం ఇదే. 12 అంకెల ఆధార్ సంఖ్య మధ్యలో చుక్క, ‘ఇ’ అక్షరంతో కుదించుకుపోయి కనిపిస్తుంది. అసలు సంఖ్య లోపల భద్రంగానే ఉన్నా, ఆ స్థితిలో సీఎస్‌వీ ఫైలుగా భద్రపరిస్తే తెరపై కనిపించిన రూపమే మిగులుతుంది.

దీనికి విరుగుడు సులభం. టైపు చేయడానికి ముందే ఆ నిలువు వరుసను ఎంపిక చేసి, కంట్రోల్, 1 మీటలను కలిపి నొక్కాలి. తెరుచుకున్న పెట్టెలో ‘టెక్స్ట్’ను ఎంచుకోవాలి. టైపు చేసిన తరువాత ఈ మార్పు చేసినా పోయిన అంకెలు తిరిగి రావు. వాటిని పాసుపుస్తకం చూసి మళ్లీ నమోదు చేయవలసిందే.

తెలుగు అక్షరాలు గజిబిజి

సీఎస్‌వీ ఫైలును నేరుగా క్లిక్ చేసి తెరిస్తే తెలుగు పేర్లు అర్థంకాని గుర్తులుగా కనిపించవచ్చు. అప్పుడు ఖాళీ ఎక్సెల్ పట్టికను తెరిచి, ‘డేటా’ విభాగంలోని ‘ఫ్రమ్ టెక్స్ట్/సీఎస్‌వీ’ ద్వారా ఫైలును తీసుకోవాలి. ‘ఫైల్ ఒరిజిన్’ వద్ద 65001 యూనికోడ్ యూటీఎఫ్-8ను ఎంచుకోవాలి. అక్కడే డేటా రకాన్ని గుర్తించవద్దనే ఎంపికను కూడా తీసుకుంటే ఖాతా సంఖ్యల సున్నాలు పోకుండా ఉంటాయి.

అను వంటి పాత ఫాంట్లలో టైపు చేసిన పత్రాల సమస్య వేరు. వాటిలో ఆంగ్ల అక్షరాల సంకేతాలకే తెలుగు ఆకృతులు తొడిగి ఉంటాయి. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెలుగు కనిపించదు. యూనికోడ్‌లో టైపు చేసిన తెలుగు దాదాపు అన్ని ఆధునిక కంప్యూటర్లలోనూ, ఫోన్లలోనూ కనిపిస్తుంది. పేర్లను వెతకడానికి, అక్షర క్రమంలో అమర్చడానికి కూడా వీలుంటుంది. విండోస్ సెట్టింగులలో భాషల జాబితాకు తెలుగును చేర్చుకుంటే యూనికోడ్ కీబోర్డు లభిస్తుంది.

వరుసలు తెగిపోవడం, తారుమారు కావడం

పాత ఎక్స్‌ఎల్‌ఎస్ రకం ఫైలులో 65,536 వరుసలకు మించి పట్టవు. 2007 నుంచి వచ్చిన ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్ రకంలో 10,48,576 వరుసలు పడతాయి. ఇంగ్లండ్‌లో 2020 సెప్టెంబరు 25, అక్టోబరు 2 మధ్య 15,841 కరోనా కేసులు రోజువారీ లెక్కలో చేరలేదు. పాత రకం ఫైలు పరిమితి నిండిపోవడమే అందుకు కారణమని అనంతరం వెల్లడైంది. పెద్ద జాబితాలను కొత్త రకంలోనే భద్రపరచాలి. పంపే ముందు, అందిన తరువాత వరుసల సంఖ్యను సరిచూడాలి.

పేర్లను అక్షర క్రమంలో అమర్చేటప్పుడు ఒక్క నిలువు వరుసనే ఎంపిక చేస్తే పేర్లు కదిలి, ఖాతా సంఖ్యలు ఉన్నచోటే ఉండిపోతాయి. అంటే ఒకరి సొమ్ము మరొకరికి చేరుతుంది. ఎక్సెల్ హెచ్చరిక చూపినప్పుడు ‘ఎక్స్‌పాండ్ ద సెలెక్షన్’నే ఎంచుకోవాలి. పొరపాటు జరిగితే వెంటనే కంట్రోల్, జెడ్ మీటలు నొక్కాలి.

పాత వివరాలతో చిక్కు

ఆంధ్రా బ్యాంక్ 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో విలీనమైంది. ఏఎన్‌డీబీతో మొదలయ్యే పాత ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్‌ల స్థానంలో యూబీఐఎన్‌తో మొదలయ్యేవి వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న జిల్లాలు 13 నుంచి 26 అయ్యాయి. పాత జాబితాను నకలు చేసి వాడుకునేవారు ముందుగా ఈ రెండు వివరాలను సవరించుకోవాలి.

యాక్సెస్ డేటాబేస్ నెమ్మదిస్తే

యాక్సెస్‌లో రికార్డులను తొలగించినా ఫైలు పరిమాణం దానంతట అది తగ్గదు. ఫైలు గరిష్ఠ పరిమితి 2 జీబీ. నెమ్మదించినప్పుడు మిగిలినవారంతా దానిని మూసివేశాక, ముందుగా ఒక నకలు తీసుకొని, ‘డేటాబేస్ టూల్స్’లోని ‘కాంపాక్ట్ అండ్ రిపేర్ డేటాబేస్’ను నొక్కాలి.

ఈమెయిల్ విషయంలో

జీమెయిల్‌లో 25 ఎంబీకి మించిన ఫైలు నేరుగా జతకాదు. డ్రైవ్ లింకుగా వెళ్తుంది. ఆ లింకును ‘లింకు ఉన్న ప్రతి ఒక్కరికీ’ తెరిచి ఉంచితే ఆధార్, ఖాతా వివరాలు బయటివారి చేతిలో పడే ప్రమాదం ఉంది. గ్రహీత చిరునామాకు మాత్రమే అనుమతి ఇవ్వాలి. పొరపాటున పంపిన లేఖను ఆపడానికి 5 నుంచి 30 సెకన్ల గడువు ఉంటుంది. సెట్టింగులలో దానిని 30కి మార్చుకోవడం మేలు. రావలసిన లేఖ కనిపించకపోతే స్పామ్‌లో వెతకాలి. అందులో చేరినవి 30 రోజుల తరువాత తొలగిపోతాయి.

ఖాతా ఇతరుల చేతికి చిక్కిందన్న అనుమానం వస్తే పాస్‌వర్డ్ మార్చడంతో సరిపెట్టుకోరాదు. సెట్టింగులలోని ఫార్వర్డింగ్, ఫిల్టర్ల విభాగాలలో అపరిచిత చిరునామా ఉందేమో చూడాలి. ఉంటే పాస్‌వర్డ్ మార్చిన తరువాత కూడా లేఖలు అక్కడికి చేరుతూనే ఉంటాయి. రెండంచెల ధ్రువీకరణను అమలు చేసుకోవాలి. సొమ్ము పోయినట్లయితే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోన్ చేయాలి.

పంపే ముందు సరిచూడవలసినవి

* ఖాతా సంఖ్యల వరుస టెక్స్ట్ రూపంలో ఉందా?
* మొదటి, మధ్య, చివరి వరుసల్లోని పేరు, ఖాతా పాసుపుస్తకంతో సరిపోతున్నాయా?
* మొత్తం వరుసల సంఖ్య లేఖలో రాశారా?
* మార్పులు చేయని అసలు ఫైలు నకలు వేరొక చోట భద్రంగా ఉందా?