ముద్దాయి ప్రశ్నలు – న్యాయభాష: నిజాం కచేరీ నుండి సైబరాబాద్ ఠాణా దాకా

వ్యాససంగ్రహం:
నేరారోపణకు గురైన వ్యక్తి అడిగే ప్రశ్నలు కాలం మారినా పెద్దగా మారలేదు. ఎందుకు పట్టుకున్నారు, ఎంతకాలం ఉంచుతారు, దేనిమీద సంతకం చేయాలి, జామీను దొరుకుతుందా అన్నవే ఆ ప్రశ్నలు. మారుతూ వచ్చింది వాటికి సమాధానం చెప్పే భాష. హైదరాబాద్ న్యాయభాష ఉర్దూ నుండి ఇంగ్లీషుకు, పాక్షికంగా తెలుగుకు సాగిన క్రమాన్ని, నేటి హైటెక్ సిటీ పరిసరాలలో ఆ చరిత్ర మిగిల్చిన చిక్కులను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: ముద్దాయి, న్యాయపరిభాష, సైబరాబాద్, అరెస్టు కారణాలు, జామీను, పంచనామా.

1. ప్రస్తావన

‘ముద్దాయి’ అన్న మాటకు తెలుగులో నేరం మోపబడినవాడని అర్థం. కానీ ఈ మాటకు మూలమైన అరబీ పదం ‘ముద్దయీ’కి ఉర్దూ న్యాయభాషలో దావా వేసినవాడని అర్థం. అతని ఎదుటి పక్షాన్ని ‘ముద్దాలేహ్’ అంటారు. అంటే ఆరోపించేవాని పేరు తెలుగులోకి వచ్చేసరికి ఆరోపణకు గురైనవాని పేరుగా తలకిందులైంది. భాషాశాస్త్ర దృష్టితో చూస్తే ఇది అర్థవిపరిణామానికి ఒక ఉదాహరణ. సామాజిక దృష్టితో చూస్తే ఇందులో మరొక విషయం ఉన్నది. కచేరీలో ఎవరు ఎవరిమీద ఏమి చెపుతున్నారో అర్థంకాని జనం, తమకు వినిపించిన మాటను తమకు తోచిన అర్థంలో వాడుకున్నారని ఊహించడానికి ఇది అవకాశమిస్తుంది.

ఫిర్యాదు, దర్యాప్తు, జామీను, వకాల్తా, జప్తు, వాయిదా, హాజరు మొదలైన పదాలన్నీ ఈ మార్గంలో వచ్చినవే. పారశీకంలో ‘ఫర్యాద్’ అంటే మొర. ‘దర్యాఫ్త్’ అంటే కనుగొనడం, విచారించి తెలుసుకోవడం. ‘జామిన్’ అంటే పూచీపడేవాడు. ‘పంచనామా’లో పంచ భారతీయం, నామా పారశీకం. ఈ పదాలు తెలుగువారి నాలుకమీద ఇమిడిపోయినా, వాటి వెనుకనున్న ప్రక్రియ మాత్రం సామాన్యునికి నేటికీ దూరంగానే ఉన్నది.

2. నిజాం రాజ్యం: పరాయి భాషలో విచారణ

హైదరాబాద్ రాజ్యంలో 1884లో పారశీకం స్థానంలో ఉర్దూ అధికారభాష అయింది. పాలనలోను, న్యాయస్థానాలలోను అదే స్థిరపడింది. 1918లో ఉర్దూ మాధ్యమంతో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడింది. దానికి ముందే 1917లో నెలకొన్న అనువాద శాఖ ఆధునిక శాస్త్రాలతోపాటు న్యాయశాస్త్ర గ్రంథాలను కూడ ఉర్దూలోకి తెచ్చింది. ఒక దేశభాష ఉన్నతవిద్యకు, న్యాయానికి వాహిక కావడం విశేషమే. అయితే రాజ్యంలో అధికసంఖ్యాకులైన తెలుగువారికి ఆ దేశభాష తమది కాదు.

ఈ స్థితికి న్యాయవాదులే ముందుగా స్పందించడం గమనార్హం. 1921 నవంబర్ 12న హైదరాబాద్ వివేకవర్ధినిలో జరిగిన సంఘసంస్కార సభలో న్యాయవాది ఆలంపల్లి వేంకటరామారావు తెలుగులో మాట్లాడబోగా సభికులు గేలిచేశారు. ఆ అవమానం నుండే ఆంధ్రజనసంఘం పుట్టింది. దాని వెనుక నిలిచిన మాడపాటి హనుమంతరావు, బూర్గుల రామకృష్ణారావు కూడ న్యాయవాదులే. పగలంతా కక్షిదారుల మొరను ఉర్దూలోకి మార్చి న్యాయమూర్తికి వినిపించి, న్యాయమూర్తి మాటను తెలుగులోకి మార్చి కక్షిదారులకు చెప్పే వృత్తి వారిది. తెలుగు ఉద్యమానికి వకీళ్ళు నాయకులు కావడంలో ఈ వృత్త్యనుభవానికి కూడ పాలు ఉండి ఉంటుందని భావించవచ్చు.

అదే కాలంలో బ్రిటిష్ పాలనలోని ఆంధ్రప్రాంతంలో పరాయి భాష ఇంగ్లీషు. గురజాడ ‘కన్యాశుల్కం’ 1897లో అచ్చయి, 1909లో పెంచి తిరగరాసిన రూపంలో వెలువడింది. అందులో లుబ్ధావధాన్లు మీద పడిన హత్యారోపణ, అసలు లేని ఆడపిల్లను చంపాడన్నది. ఆడవేషం వేసిన కుర్రవాడు మాయమైతే అది హత్యగా మారింది. నిజం తెలియని ఆ వృద్ధునికి తన తరఫున ఏమి చెప్పుకోవాలో కూడ తోచదు. అతని విడుదల సౌజన్యారావు పంతులు వంటి వకీలు మీద, మధురవాణి తెచ్చిన సమాచారం మీద ఆధారపడింది. నిర్దోషిత్వం ఉన్నంతమాత్రాన చాలదు, దానిని కచేరీ భాషలో చెప్పగల మనిషి కావాలన్న సత్యం ఈ హాస్యనాటకంలో నిక్షిప్తమై ఉన్నది.

3. 1951 తరువాత: చట్టం మారింది, భాష మారింది

1948 సెప్టెంబర్‌లో హైదరాబాద్ రాజ్యం భారతదేశంలో కలిసింది. 1951 ఏప్రిల్ 1 నుండి భారత శిక్షాస్మృతి, నేరవిచారణ స్మృతి, సాక్ష్య చట్టం ఇక్కడ అమలులోకి వచ్చాయి. ఉన్నత న్యాయస్థానపు భాషగా ఉర్దూ తొలగి ఇంగ్లీషు వచ్చింది. రాజ్యాంగంలోని 348వ అధికరణం ఆ స్థానాన్ని స్థిరపరచింది. 1966లో ఆంధ్రప్రదేశ్ అధికారభాషా చట్టం తెలుగుకు అధికారిక హోదా ఇచ్చినా, న్యాయస్థానాలలో ఇంగ్లీషు ప్రాబల్యం తగ్గలేదు. తెలంగాణ ఉన్నత న్యాయస్థానం ఒక ఆస్తి తగాదాలో తెలుగులో తీర్పు వెలువరించడానికి 2023 జూన్ దాకా వేచి ఉండవలసి వచ్చింది.

అయితే ఇదే కాలంలో మరొక ధార కూడ సాగింది. అరెస్టయిన వ్యక్తికి కారణాలు వీలైనంత త్వరగా తెలపాలని, తాను కోరుకున్న న్యాయవాదిని సంప్రదించనివ్వాలని, 24 గంటలలోగా మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలని రాజ్యాంగం 22వ అధికరణంలో నిర్దేశించింది. ‘తెలపడం’ అంటే ఏమిటన్న ప్రశ్న వెంటనే తలెత్తింది. 1962లో హరికిషన్ కేసులో, ఇంగ్లీషు రాని నిర్బంధితునికి ఇంగ్లీషు పత్రం ఇచ్చి నోటిమాటగా వివరించడం చాలదని సర్వోన్నత న్యాయస్థానం తేల్చింది. 1996 నాటి డి.కె.బసు తీర్పు, అరెస్టు సమయంలో పోలీసులు పాటించవలసిన పదకొండు నియమాలను విధించింది. పట్టుకున్నవారి పేరు, హోదా స్పష్టంగా కనిపించాలన్నది, అరెస్టు సంగతి బంధువుకో మిత్రునికో తెలపాలన్నది వాటిలో ఉన్నాయి.

4. సైబరాబాద్: మూడు భాషల ఠాణా

1998 నవంబర్‌లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. రాళ్ళగుట్టల నడుమ ఉన్న పల్లెలు కొద్ది ఏండ్లలో నగరంగా మారాయి. సైబరాబాద్ పేరుతో ప్రత్యేక పోలీసు కమిషనరేట్ వచ్చింది. 2016లో దాని నుండి రాచకొండ వేరైంది. 2000 అక్టోబర్ 17న అమలులోకి వచ్చిన సమాచార సాంకేతిక చట్టం నేరాలకు కొత్త పేర్లను తెచ్చింది.

ఈ ప్రాంతంతో ముడిపడిన అతి ప్రసిద్ధమైన నేరవిచారణ సత్యం కంప్యూటర్స్‌ది. 2009 జనవరి 7న సంస్థ అధ్యక్షుడు బి.రామలింగరాజు ఖాతాలలో లేని నగదును చూపినట్లు ఒప్పుకొంటూ డైరెక్టర్ల మండలికి లేఖ రాశారు. జనవరి 9న అరెస్టయ్యారు. నేరం ఒప్పుకొన్న తరువాత ఇంక విచారణ దేనికన్న ప్రశ్న నాడు సామాన్యులలో సహజంగా కలిగింది. చట్టంలో దీనికి సమాధానం ఉన్నది. పోలీసు అధికారికి చేసిన నేరాంగీకారం నిందితునికి వ్యతిరేకంగా చెల్లదు. ఇతరులకు చేసిన అంగీకారాన్ని సాక్ష్యంగా ప్రవేశపెట్టవచ్చును గాని, దాని విలువను తేల్చవలసింది న్యాయస్థానమే. జామీను విషయంలోను ఈ కేసు బోధకమైనది. 2010 ఆగస్టులో ఉన్నత న్యాయస్థానం ఇచ్చిన జామీనును అక్టోబర్‌లో సర్వోన్నత న్యాయస్థానం రద్దుచేసింది. 2011 నవంబర్‌లో అదే సర్వోన్నత న్యాయస్థానం జామీను మంజూరు చేసింది. 2015 ఏప్రిల్ 9న ప్రత్యేక న్యాయస్థానం పదిమందిని దోషులుగా నిర్ణయించింది. మే నెలలో, అప్పీలు విచారణలో ఉండగా, సెషన్స్ న్యాయస్థానం శిక్షను నిలుపుచేసింది. నిందితుడు, దోషి అన్న రెండు మాటల మధ్య ఆరేండ్లకు పైగా వ్యవధి ఉన్నది. పత్రికా భాషలో ఆ వ్యవధి తరచుగా మాయమవుతుంది. ‘రిమాండు’ అనే ప్రక్రియాపదాన్ని పాఠకుడు శిక్షగా అర్థంచేసుకోవడం ఇందుకు నిదర్శనం.

సత్యం కేసులోని ప్రధాన నిందితులకు ఇంగ్లీషు వచ్చు. పేరుమోసిన న్యాయవాదులు ఉన్నారు. అదే ప్రాంతంలో అద్దాల మేడలు కట్టడానికి ఒడిశా, బీహార్, బెంగాల్, ఝార్ఖండ్ రాష్ట్రాల నుండి వచ్చిన కూలీల స్థితి వేరు. వారిలో ఒకనిమీద దొంగతనం ఆరోపణ వస్తే, అతని ఎదుట ఉంచే పంచనామా తెలుగులోనో ఇంగ్లీషులోనో ఉంటుంది. తెలుగు రాత చదవలేని పరరాష్ట్ర సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి, ఇంగ్లీషు మాధ్యమంలోనే చదివిన తెలుగు యువకునికి కూడ కొంతమేరకు ఇదే చిక్కు. వందేండ్ల క్రితం వివేకవర్ధినిలో గేలికి గురైన తెలుగు, నేడు ఒడియా కూలీకి అర్థంకాని అధికారభాషగా నిలిచింది. చరిత్రలో స్థానాలు మారినా, సమస్య స్వరూపం మారలేదు.

5. ప్రశ్నలు – నేటి చట్టం

2024 జూలై 1 నుండి భారతీయ న్యాయ సంహిత, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, భారతీయ సాక్ష్య అధినియమ్ అమలులోకి వచ్చాయి. ‘ముద్దాయి’కి జరిగినది ఈ పేర్లలోను జరిగింది. హిందీలో ‘నాగరిక్’ అంటే పౌరుడు. తెలుగులో ‘నాగరిక’ అంటే సభ్యత గల, నగరసంబంధమైన అని అర్థం. పౌరుని రక్షణకోసమని పేరు పెట్టుకొన్న నేరవిచారణ చట్టం, తెలుగు చెవికి మరొక అర్థంలో వినిపిస్తుంది.

ఈ చట్టాల వెలుగులో నిందితుని నిత్యప్రశ్నలను ఇలా క్రోడీకరించవచ్చు. నోటీసు వస్తే అరెస్టు అయినట్లేనా? కాదు. నాగరిక్ సురక్షా సంహితలోని 35(3) సెక్షన్ నోటీసు హాజరు కమ్మని చెప్పేది. పాత చట్టంలో ‘41ఏ నోటీసు’గా ప్రజలకు తెలిసినది ఇదే. హాజరై నిబంధనలు పాటిస్తున్నవానిని, కారణాలు లిఖితపూర్వకంగా నమోదుచేస్తే తప్ప, అరెస్టు చేయరాదు. వకీలు వచ్చేదాకా ఆగవచ్చునా? విచారణ సాగుతున్నప్పుడు న్యాయవాదిని కలిసే హక్కు 38వ సెక్షన్‌లో ఉన్నది, అయితే విచారణ ఆసాంతం వకీలు పక్కన ఉండే హక్కు కాదు. వాంగ్మూలం మీద సంతకం పెట్టాలా? దర్యాప్తులో పోలీసులకు చెప్పి రాయించిన వాంగ్మూలం మీద చెప్పినవాని సంతకం తీసుకోరాదని 181వ సెక్షన్ చెపుతుంది. మౌనంగా ఉండవచ్చునా? తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పేటట్లు ఎవరినీ నిర్బంధించరాదని రాజ్యాంగంలోని 20(3) అధికరణం చెపుతుంది. నార్కో పరీక్షలను బలవంతంగా జరపరాదని 2010లో సర్వోన్నత న్యాయస్థానం దీని ఆధారంగానే తీర్పు చెప్పింది. అభియోగపత్రం సకాలంలో రాకపోతే? నేరం తీవ్రతనుబట్టి 60 లేదా 90 రోజులు దాటితే, జామీను ఇవ్వడానికి సిద్ధపడిన నిందితునికి విడుదల హక్కు అవుతుంది. దీనిని అడిగి పొందాలి. గడువు సంగతి తెలియనివాడు అడగలేడు.

తెలియకపోవడం వలన కలిగే నష్టానికి ‘డిజిటల్ అరెస్టు’ మోసం తాజా ఉదాహరణ. వీడియో కాల్‌లో పోలీసు వేషంలో కనిపించి, గదిలోనుండి కదలవద్దని బెదిరించి డబ్బు కాజేసే ఈ పద్ధతికి ఉన్నతవిద్యావంతులు కూడ బలి అవుతున్నారు. 2024 అక్టోబర్ 27న ప్రధానమంత్రి తన ఆకాశవాణి ప్రసంగంలో దీనిని గురించి హెచ్చరించారు. శరీరాన్ని తాకడం, నిర్బంధించడం, లేదా ఆ వ్యక్తి మాటచేతనో చేతచేతనో లోబడడం ద్వారానే అరెస్టు జరుగుతుందని చట్టం చెపుతున్నది. తెరమీది అరెస్టు చట్టంలో లేదు. అరెస్టు అన్న మాటను రోజూ వాడుతూ, దాని అర్థాన్ని ఎన్నడూ వివరించుకోని సమాజంలోనే ఈ మోసం సాగగలదు.

6. ముగింపు

2025 నవంబర్ 6న సర్వోన్నత న్యాయస్థానం, ఏ నేరంలోనైనా అరెస్టు కారణాలను ఆ వ్యక్తికి అర్థమయ్యే భాషలో లిఖితపూర్వకంగా ఇవ్వాలని నిర్దేశించింది. వెంటనే వీలుకాని సందర్భంలో నోటితో చెప్పినా, రిమాండు కోసం హాజరుపరచడానికి కనీసం రెండు గంటల ముందు పత్రం చేతికి అందాలి. అట్లా జరగకపోతే అరెస్టు చెల్లదు. హరికిషన్ కేసు నిర్బంధితునికి సంబంధించి వేసిన బాట, అరవై ఏండ్లు గడిచాక ప్రతి ఠాణా గడపదాకా వచ్చింది. భాష ఇకమీదట న్యాయప్రక్రియకు అలంకారం కాదు, దాని చెల్లుబాటుకే షరతు.

ఈ తీర్పు అమలు తెలుగు పరిశోధన ముందు కూడ ఒక పని ఉంచుతున్నది. వాడుకలో నిలిచిన జామీను, వాయిదా, ఫిర్యాదు వంటి మాటలను తొలగించి కొత్త సంస్కృత సమాసాలను కల్పించడం వలన నిందితునికి ఒరిగేది తక్కువ. ఆ మాటల వెనుకనున్న హక్కును, గడువును తేటతెలుగులో వివరించే పత్రాలు కావాలి. సైబరాబాద్ వంటి చోట అవే హిందీ, ఒడియా, బెంగాలీలలో కూడ కావాలి. ఒకనాడు తమ భాషలో మాట వినిపించక నొచ్చుకున్న జాతికి, తన ఠాణాలో పరభాషీయుని ప్రశ్నకు అతని భాషలో సమాధానం దొరకాలని కోరవలసిన బాధ్యత మరింత ఎక్కువ. ‘ముద్దాయి’ అన్న మాట మరల మూలార్థానికి రానక్కరలేదు. ఆ మాటతో పిలిపించుకున్న మనిషికి తనమీద ఏమున్నదో అర్థమైతే చాలు.