కదిలే ఇంటికి మరుగుదొడ్డి

విజయనగరము, ఆమదాలవలస, పలాసల మీదుగా సాగే తీర రైలుమార్గము 1893–96 సంవత్సరములలో నిర్మింపబడినది. రైలుబండి కదిలే ఇల్లు వంటిది. ఇంటికి వలెనే దానికిని మరుగుదొడ్డి కావలెను. కాని బండి క్రింద గొయ్యి త్రవ్వలేము. అయితే మలమును ఏమి చేయుట?

మొదట దిగువ తరగతి పెట్టెలలో మరుగుదొడ్డియే లేదు. బండి ఆగినప్పుడు దిగి వెళ్ళవలసినదే. 1909లో ఓఖిల్ చంద్ర సేన్ అనే వంగదేశ ప్రయాణికుడు అట్లు దిగగా, బండి కదలిపోయినది. పరుగెత్తి పడిపోయి, నలుగురిలో నవ్వులపాలైన సంగతిని ఆయన సాహిబ్‌గంజ్ రైల్వే కార్యాలయమునకు వ్రాసినారు. ఆ లేఖ ఢిల్లీలోని రైలు మ్యూజియములో ప్రసిద్ధము.

తరువాత అన్ని తరగతులకును మరుగుదొడ్లు వచ్చినవి. వాటికి ఎన్నుకొన్న పద్ధతి క్రిందికి తెరచిన ఒక గొట్టము. అది చౌక, తేలిక, యంత్రము అక్కరలేనిది. అయితే మలమూత్రములు పట్టాలపై పడి ఇనుమును తినివేసినవి. వాటిని ఎత్తి శుభ్రపరచుట కొందరు మనుష్యుల వంతు అయినది. ఈ అమానుషమును మాన్పుటకు కోలారు బంగారు గనుల ప్రాంతమున పుట్టిన తెలుగువారు బెజవాడ విల్సన్, వారి సఫాయి కర్మచారి ఆందోళన్ సంస్థ పోరాడినారు. ఆ సంస్థ వేసిన వ్యాజ్యములో 2014 మార్చి 27న సుప్రీం కోర్టు తీర్పునిస్తూ, పట్టాలపై ఈ పనిని గడువు పెట్టుకొని అంతము చేయవలెనని రైల్వేలకు చెప్పినది.

మరి ఏ పద్ధతి మేలు? మలమును తొట్టిలో నిలువచేయవచ్చును. కాని బరువు పెరుగును, గమ్యము చేరగానే తోడివేయవలెను. గాలిని పీల్చు శూన్యపద్ధతికి నీరు స్వల్పము చాలును. కాని దానికి యంత్రములు, విద్యుత్తు కావలెను. మూడవది జీవ మరుగుదొడ్డి. దీనిని రక్షణ పరిశోధనా సంస్థ, రైల్వేలు కలిసి రూపొందించినవి. పెట్టె క్రింది తొట్టిలో, ప్రాణవాయువు లేకుండ బ్రతికే సూక్ష్మజీవులు ఉండును. అవి మలమును మొదట ఆమ్లములుగా, పిదప మీథేను, బొగ్గుపులుసు వాయువులుగా మార్చును. మిగిలిన నీరు క్లోరిను తగిలి బయటికి పోవును. ఇందులో లోపము లేకపోలేదు: ఎవరైనను సీసానో, గుడ్డనో పడవేసినచో గొట్టము మూసుకొనిపోవును. సూక్ష్మజీవులు ప్లాస్టిక్కును జీర్ణించుకొనలేవు.

2021 నాటికి 2,50,000కు పైగా జీవ మరుగుదొడ్లు అమరినవి.

పాత గొట్టము చౌక యని శతాబ్దికి పైగా తోచుటకు కారణమేమి? దాని ఖరీదును పట్టాలపై వంగి పనిచేసినవారు చెల్లించినారు. లెక్కలో వారు చేరలేదు. లెక్క సరిచేసిన పిమ్మటనే సరియైన ఎన్నిక సాధ్యమైనది.