కార్డు మీద మొదటి పేరు

ఇంట్లో రేషన్ కార్డు ఉంటే ఒకసారి తీసి చూడండి. ఇంటి పెద్ద అన్నచోట ఎవరి పేరుంది? 2013లో వచ్చిన జాతీయ ఆహార భద్రతా చట్టం ప్రకారం అక్కడ ఆ ఇంటి ఆడవాళ్లలో పద్దెనిమిదేళ్లు నిండిన పెద్దావిడ పేరు ఉండాలి. నా చిన్నప్పుడు మా బంధువుల కార్డుల మీద అన్నీ మగవాళ్ల పేర్లే. 1983లో ఎన్టీ రామారావు కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చాక ఆ కార్డు బంగారమైంది. సంచీ పట్టుకుని వరసలో నిలబడేది మాత్రం ఆడవాళ్లే లెండి.

మరి ఇంట్లో మగవాడే లేకపోతే?

మా అమ్మకి పిన్ని ఒకావిడ ఉండేది, మాకు చిన్నమ్మమ్మ. మొగుడు ఎటో వెళ్లిపోయాడు, మళ్లీ రాలేదు. వితంతు పింఛను కోసం ఆఫీసుకి వెళ్తే చచ్చిపోయినట్టు సర్టిఫికెట్ తెమ్మన్నారు. ఉన్నాడో పోయాడో తెలియని మనిషికి ఆ కాగితం ఎవరిస్తారు? పోనీ మొగుడున్నాడు అనుకుందామంటే, "అయితే ఆయన్నే రమ్మను" అనేవాళ్లు. కొడుకు వయసున్న గుమాస్తాని ఈవిడ "బాబుగారూ" అనేది, అతను "ఏమ్మా, నువ్వు మళ్లీ వచ్చావా" అనేవాడు. ఒకసారి చెవులకున్న దుద్దులు చూసి "నీకేం లోటు?" అన్నాడట. అవి గిల్టువి. తర్వాత వెళ్లినప్పుడల్లా వాటిని తీసి, ఉన్నవాటిలో చిరిగిన చీర కట్టుకుని వెళ్లేది. మా అమ్మ ఇది చెప్పినప్పుడల్లా నాకు ఆ గుమాస్తా మీద కంటే, అతని చేతికి అలాంటి ఫారం ఇచ్చిన వాళ్ల మీద కోపం వచ్చేది.

1995 ఆగస్టు 15న కేంద్రం వృద్ధాప్య పింఛను మొదలుపెట్టింది. నెలకి 75 రూపాయలు, అరవై అయిదు నిండిన నిరుపేదలకి. దానికి మొగుడి సంగతి అక్కర్లేదు. చిన్నమ్మమ్మకి ఇంకా నాలుగేళ్లు తక్కువ. తొందరగా ముసలిదాన్ని అయిపోతే బాగుండునని ఆవిడ నవ్వుతూ అనేదట. ఎలాగో నాలుగేళ్లు గడిపి, చివరికి ఆ డబ్బు అందుకుంది.

మొగుడు వదిలేసిన ఆడవాళ్ల గోడు ఆఫీసు ఫారాల్లోకి ఎక్కడానికి చాలాకాలం పట్టింది. తెలంగాణలో 2017లో ఒంటరి మహిళలకి నెలకి వెయ్యి రూపాయల పింఛను మొదలైంది.

ఇప్పుడు రేషన్ షాపులో మొగుడి పేరు అడగరు, వేలు పెట్టమంటారు. మా ఇంట్లో పనిచేసే ఆమెకి పోయిన నెల మూడుసార్లు పెట్టినా మిషన్ ఒప్పుకోలేదట. ఇన్నేళ్లు అంట్లు తోమి అరిగిన వేళ్లు కదా. నాలుగోసారి కొంగుతో తుడుచుకుని వేరే వేలు పెడితే అప్పుడు బియ్యం ఇచ్చారట.