ఫైనైట్ ఆటోమాటా, రెగ్యులర్ భాషలు, కంద పద్యం

ఫైనైట్ ఆటోమాటన్ పరిమితమైన జ్ఞాపకంతో పనిచేసే గణిత యంత్రం. ఇది అక్షరాల వరుసను మొదటి నుంచి చివరిదాకా ఒక్కొక్కటిగా చదువుతుంది. వెనక్కి వెళ్లదు, ఎక్కడా ఏమీ రాసిపెట్టుకోదు. అక్షరం చదివినప్పుడల్లా ఒక స్థితి నుంచి మరో స్థితికి మారుతుంది. వరుస ముగిసేసరికి అంగీకార స్థితిలో ఉంటే ఆ వరుస చెల్లుతుంది, లేకపోతే చెల్లదు. ఒక యంత్రం ఒప్పుకునే వరుసలన్నిటి సమితిని రెగ్యులర్ భాష అంటారు.

ఇలాంటి భాషకు ఉదాహరణగా కంద పద్యాన్ని తీసుకుందాం. కరీంనగర్ జిల్లా చొప్పదండి నియోజకవర్గంలో, గంగాధర మండలం కురిక్యాల దగ్గర బొమ్మలమ్మ గుట్ట ఉంది. కన్నడ ఆదికవి పంపని తమ్ముడు జినవల్లభుడు 10వ శతాబ్దంలో అక్కడ సంస్కృత, కన్నడ, తెలుగు భాషల్లో శాసనం చెక్కించాడు. అందులో మూడు తెలుగు కంద పద్యాలున్నాయి. తెలుగులో మనకు దొరికిన అతి పాత కందాల్లో అవి చేరతాయి. ఆటోమాటా సిద్ధాంతాన్ని తెలుగు పాఠకుడికి చెప్పడానికి కందం కన్నా మంచి ఉదాహరణ లేదు. దాని నియమాలన్నీ స్థితులుగా మార్చదగినవే.

కందానికి నాలుగు పాదాలు. 1, 3 పాదాల్లో మూడేసి గణాలు, 2, 4 పాదాల్లో ఐదేసి. అంటే సగం పద్యానికి ఎనిమిది గణాలు. గగ, భ, జ, స, నల అనే ఐదు గణాలనే వాడాలి. ప్రతి సగంలోనూ బేసి గణం జగణం కాకూడదు. ఆరో గణం నలమో జగణమో కావాలి. ఎనిమిదోది గురువుతో ముగియాలి. మొదటి పాదం లఘువుతో మొదలైతే అన్ని పాదాలూ లఘువుతోనే మొదలవ్వాలి, గురువుతో అయితే గురువుతోనే.

ఇప్పుడు యంత్రం కడదాం. లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు కాబట్టి ఆ ఐదు గణాలూ నాలుగు మాత్రలవే. నాలుగు మాత్రలకు గురులఘువుల కూర్పులు సరిగ్గా ఐదే ఉంటాయి, ఆరోది లేదు. కాబట్టి ఏ గణమైనా రావచ్చన్న చోట ఇప్పటికి ఎన్ని మాత్రలయ్యాయో తెలిస్తే చాలు: సున్న, ఒకటి, రెండు, మూడు, మొత్తం నాలుగు స్థితులు. రెండు మాత్రలు ఒక గురువు వల్ల వచ్చినా, రెండు లఘువుల వల్ల వచ్చినా తేడా లేదు, ఎందుకంటే ఇకపై రాగలిగినవి రెండు సందర్భాల్లోనూ ఒకటే. స్థితి అన్న భావనకు మూలం ఇదే. జరిగిపోయినదంతా యంత్రానికి అక్కర్లేదు, అందులో జరగబోయేదాన్ని నిర్ణయించే భాగమే కావాలి. జాన్ మైహిల్, అనిల్ నెరోడ్ 1957, 1958లలో దీన్నే సిద్ధాంతంగా నిరూపించారు. ముందున్న దారులు ఒకటే అయిన వరుసలన్నిటినీ ఒక గుంపుగా చేస్తే, గుంపులు పరిమిత సంఖ్యలో ఉన్నప్పుడే ఆ భాష రెగ్యులర్ అవుతుంది. అతి చిన్న యంత్రంలో ఎన్ని స్థితులుండాలో చెప్పేది కూడా ఆ గుంపుల లెక్కే.

బేసి గణంలో అవే నాలుగు స్థితులు సరిపోతాయి. అయితే ఒక మాత్ర అయ్యాక గురువు వస్తే దారి మూసుకుపోతుంది, లఘువు, గురువు, లఘువుగా ఉండే జగణం అక్కడే ఆగిపోతుంది. ఆరో గణంలో మొదటే గురువు వచ్చినా, రెండు లఘువుల తర్వాత గురువు వచ్చినా చెల్లదు. పాదాల ఆరంభం గురువా లఘువా అన్నది నాలుగో పాదం మొదటి అక్షరం దాకా గుర్తుంచుకోవాలి కాబట్టి అందాకా యంత్రానికి రెండు ప్రతులు కావాలి. మొత్తం మీద సుమారు వంద స్థితులతో కందం గణనియమాలన్నీ తేలిపోతాయి. ఆ నియమాలకు ఒదిగే గురులఘు వరుసలు మాత్రం 8,51,96,800. ఇన్ని కోట్ల వరుసలను అంత చిన్న యంత్రం విడదీయగలగడమే ఇక్కడి గొప్పతనం. నిజానికి పరిమితమైన ప్రతి సమితీ రెగ్యులరే, అందులో విశేషం లేదు.

అక్షరం గురువో లఘువో తేల్చడం కూడా ఇలాంటి యంత్రం పనే. హ్రస్వాక్షరం తర్వాత సంయుక్తాక్షరం వస్తే ముందుది గురువవుతుంది కాబట్టి ఒక్క అక్షరం ఆగి చూస్తే చాలు. ప్రాసకు మొదటి పాదం రెండో అక్షరంలోని హల్లును చివరిదాకా మోయాలి. హల్లులు పరిమితం, అందుచేత స్థితులు కొన్ని వేలకు పెరుగుతాయే గాని యంత్రం జాతి మారదు. యతిమైత్రి సంగతీ అంతే.

అనంతమైన రెగ్యులర్ భాషకు ఉదాహరణగా ద్విపద ఉంది. పాదానికి మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం. పాల్కురికి సోమనాథుడి బసవపురాణంలా ద్విపద కావ్యం ఎన్ని వందల పాదాలైనా సాగవచ్చు. జంట పాదాలు పూర్తికాగానే ప్రాస బాధ్యత తీరుతుంది, యంత్రం మొదటి స్థితికి వస్తుంది. ఇలా ఒక నమూనాను ఎన్నిసార్లైనా తిరగనిచ్చే క్రియను స్టీఫెన్ క్లీనీ పేరిట క్లీనీ స్టార్ అంటారు. ఇంద్రగణాలు ఆరింటిలో ఏదీ మరోదానికి ఆరంభ భాగం కాదు: లఘువుతో మొదలయ్యేవన్నీ నాలుగక్షరాలవి, గురువుతో మొదలయ్యేవన్నీ మూడక్షరాలవి. అందువల్ల గణం ఎక్కడ ముగిసిందన్న సందేహమే రాదు.

వారెన్ మెకల్లక్, వాల్టర్ పిట్స్ 1943లో నాడీకణాలకు గణిత నమూనా ఇచ్చారు. అలాంటి నాడీకణాల వలలు గుర్తించగలిగేవి ఏవో తేల్చే ప్రయత్నంలోనే క్లీనీ 1951లో రెగ్యులర్ భాషల వర్ణన రాశాడు. అది 1956లో అచ్చయింది. మైకేల్ రాబిన్, డానా స్కాట్ 1959లో నాన్‌డిటర్మినిస్టిక్ యంత్రాన్ని ప్రవేశపెట్టారు. ఒకే అక్షరానికి పలు దారులున్న ఆ యంత్రం కూడా మామూలు యంత్రం గుర్తించే భాషలనే గుర్తిస్తుందని నిరూపించారు. 1976లో వారికి ట్యూరింగ్ అవార్డు వచ్చింది. కెన్ థాంప్సన్ 1968లో ఈ గణితాన్ని పాఠ్యంలో వెతికే ప్రోగ్రామ్‌గా మలిచాడు.

వికటకవి వంటి, ఎటునుంచి చదివినా ఒకేలా ఉండే మాటల సమితి మాత్రం ఈ యంత్రాలకు లొంగదు. నిడివికి హద్దు లేకపోతే మొదటి సగాలు లెక్కలేనన్ని. స్థితులు పరిమితం కాబట్టి ఒకే నిడివి గల రెండు వేర్వేరు సగాలు ఎక్కడో ఒకే స్థితికి చేరక తప్పదు. అప్పుడు మొదటిదాని అద్దపు ప్రతిబింబాన్ని రెండోదాని వెనక తగిలించినా యంత్రం ఒప్పుకుంటుంది, అది తప్పు. ఇక్కడ చదివినదాన్ని ఒకదానిపై ఒకటి పేర్చుకునే స్టాక్ అవసరం. మాట నడిమధ్య ఎక్కడో ముందే తెలియదు కాబట్టి స్టాక్ ఉన్నా పలు దారులు ప్రయత్నించే యంత్రమే కావాలి. రాబిన్, స్కాట్ చూపిన సమానత్వం స్టాక్ యంత్రాలకు వర్తించదు.