రోళ్లు పగిలే ఎండలో సిమెంటు చెట్టు

ఐదున్నరకే తెల్లగా తెల్లారిపోయింది. తెనాలి దగ్గర కాలువ గట్టు దిగి మీరు ఆ తోట గేటు చేరేసరికి మేస్త్రి వచ్చేసి ఉన్నాడు. చేతిలో తాపీ లేదు, నీళ్ల పైపు ఉంది. గేటుకు అటొకటి ఇటొకటి రెండు మర్రి మాన్లు. కొమ్మలు నెత్తిమీదుగా ఒకదానివైపు ఒకటి సాగుతున్నాయి. ఆకు ఒక్కటి లేదు, అంతా సిమెంటే. బెరడు ఇంకా చెక్కాలి. ఇవాళ కుడి మాను వంతు.

రోహిణి కార్తె. రోళ్లు పగిలే కాలమని పెద్దలు అన్న రోజులివి. రోలంటే రాయి. ఇది నిన్నటిదాకా బస్తాలో పొడి.

మేస్త్రి తడి గోనెపట్టాలు ఒక్కొక్కటే లాగి పక్కన పడేస్తున్నాడు. కింద మొదటి పూత కనిపిస్తుంది. పచ్చిగా ఉన్నప్పుడే దాని నిండా గాట్లు పెట్టి వదిలారు, పై పూత పట్టుకోవడానికి. దానిమీద నీళ్లు పడగానే చుయ్‌మని పీల్చుకుంటుంది. "ఇంకా తాగుతోందండీ" అంటాడు మీతో. మళ్లీ కొడతాడు, ఆగుతాడు, మళ్లీ కొడతాడు. కింద పూత దాహంతో ఉంటే పైన వేసే మాలులోని నీళ్లు లాగేసుకుంటుంది. అప్పుడు పై పూత అతుక్కోదు, ఎండి ముడుచుకుని చిట్లుతుంది. అలాగని నీళ్లు కారుతుండగానూ వేయకూడదు. తడి మెరుపు పోవాలి, తేమ ఉండాలి. అది అరచేయి ఆనించి చూస్తేనే తెలుస్తుంది. మీ చేయి కూడా ఆనించండి. చల్లగా తగులుతుంది, అంటుకోదు.

తల పైకెత్తండి. పైన ఆకుపచ్చ వల, పడమటి వైపు నేల దాకా దించిన టార్పాలిన్. వల ఎండకు, టార్పాలిన్ గాలికి. పగుళ్లంటే అందరూ ఎండనే తిడతారు గానీ అసలు దొంగ వడగాలి. చదరపు మీటరు మేర నుంచి గంటకు కిలో నీరు ఆవిరయ్యే పరిస్థితి వచ్చిందంటే పచ్చి కాంక్రీటు పగిలే ప్రమాదం ఉందని ఇంజనీర్ల లెక్క. అందుకే ఈ మేస్త్రి పందిరి వేయనిదే సిమెంటు బస్తా విప్పడు. పొద్దున పూట మాను పడమటి ముఖం నీడలో ఉంటుంది కాబట్టి పని ఆ ముఖం మీదే మొదలు.

అటు కుర్రాడు మాలు కలుపుతున్నాడు. సిమెంటు ఒక పాలు, ఇసుక మూడు పాళ్లు. ఇసుకను ముందురోజు సీసాలో వేసి నీళ్లు పోసి కుదిపి చూశారు. పైన తేరిన ఒండ్రు పల్చని పొర, అంతే. ఒండ్రు ఎక్కువైతే నీళ్లెక్కువ తాగుతుంది, ఎక్కువ తాగింది ఎండేటప్పుడు ఎక్కువ ముడుచుకుంటుంది. బస్తా 53 గ్రేడు సిమెంటుది కాదు, పీపీసీ అనే మిశ్రమ సిమెంటుది. 53 గ్రేడు తొందరగా బలం పుంజుకుంటుంది, తొందరగా వేడెక్కుతుంది. చెక్కే పనికి ఆ తొందర పనికిరాదు. బస్తాకు 125 గ్రాముల చొప్పున తెల్లటి సన్న పోగులు కూడా పడుతున్నాయి. పాలీప్రొపిలీన్ పోగులవి. పచ్చి మీద పుట్టే చిన్న చీలికను అక్కడికక్కడే పట్టి ఉంచుతాయి. పైకి నూగులా తేలినవాటిని ఆరాక బ్లో ల్యాంపుతో పైపైన కాల్చేస్తారు.

"బాబాయ్, ఇంకో చెంబు పోస్తే తాపీకి హాయిగా జారుద్ది."

"జారింది కిందికే జారుద్దిరా. పొయ్యమాక."

బస్తాకు ఇరవై, ఇరవై రెండు లీటర్లు. ఇసుకలో తడి ఉంటే అదీ ఆ లెక్కలోకే వస్తుంది. మేస్త్రి గుప్పెడు తీసి సున్నుండలా చుడతాడు. ముద్ద నిలిచింది, వేళ్ల సందుల్లోంచి నీరు రాలేదు. సరిపోయింది.

వాళ్లు పూత మొదలుపెట్టేలోపు మాను మొదట్లోకి వంగి చూడండి. ఈ డెల్టా నేల నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, వేసవికి నెర్రెలు విచ్చుతుంది. రెండు మాన్లకు వేరువేరు పునాదులు వేసి ఉంటే ఒకటి లేచి ఒకటి దిగి, పైన కొమ్మ ఎంత బాగా చెక్కినా రెండేళ్లలో చీలేది. అందుకే నెర్రెలు పోయేంత లోతు తవ్వి, ఇసుక నింపి, రెండింటినీ భూమిలో ఒకే బీము మీద నిలబెట్టారు. ప్రహరీ గోడకూ మానుకూ మధ్య అరంగుళం సందు కూడా వదిలారు. ఎండకు గోడ ఒకలా సాగుతుంది, మాను ఒకలా. ఇక నెత్తిమీద కొమ్మలు కలిసినట్టు కనిపిస్తున్నాయి కదా? నిచ్చెన ఎక్కి చూస్తే కలవలేదు. ఎడమ కొమ్మ కింద నుంచి కుడి కొమ్మ తగలకుండా దాటిపోయింది. నాకు ఈ గేటులో అన్నిటికంటే నచ్చిన పనితనం అదే, గేటు కింద నడిచేవాళ్లెవరికీ కనపడదు.

మాను లోపల ఇనుప చువ్వలు, వాటిమీద రెండు వరసల చికెన్ మెష్. 1867లో ఫ్రాన్సులో జోసెఫ్ మోనియే అనే తోటమాలి సిమెంటు తొట్లలో ఇనుము పెట్టి పేటెంటు తీసుకున్నాడు. తొట్లు పగలకుండా ఉండాలనే తపనే అది. ఇవాళ్టి మన ఆర్‌సీసీకి ఆ తోటమాలి కూడా ఒక తాత. జింకు పూత లేని మెష్ వాడితే మాత్రం తుప్పు పట్టి, ఉబ్బి, లోపలినుంచే బెరడును తన్నేస్తుంది. ఆ పగులు కనపడేసరికి ఏళ్లు గడుస్తాయి, మేస్త్రి అడ్రసు ఉండదు.

పూత పడుతోంది. చేత్తోనే, కింది నుంచి పైకి, గట్టిగా అదుముతూ. సుమారు ముప్పాతిక అంగుళం. ముడి రావలసిన చోట ఒక్కసారే గుట్ట పెట్టడు, రెండు విడతలుగా ఎత్తు చేస్తాడు. దళసరి చోటు మెల్లగా, పలచని చోటు తొందరగా ఆరితే రెండింటి సరిహద్దులోనే పగులు పుడుతుంది.

తర్వాత ఎదురుచూపు. టీలు వచ్చాయి. మేస్త్రి ఒక చేత్తో గ్లాసు పట్టుకుని రెండో చేతి బొటనవేలు మాను మీద నొక్కి చూస్తున్నాడు. మొదట వేలు దిగింది. కాసేపటికి గుర్తు పడింది గానీ వేలికి మాలు అంటలేదు. గ్లాసు కింద పెట్టేశాడు.

ఇక్కడ దగ్గరికి జరగండి. కత్తి కొసతో బెరడు గీతలు నిలువుగా, వంకరగా పడుతున్నాయి. ప్రతి గీతా గీసిన వెంటనే పాత స్టీలు చెంచా వెనకవైపుతో దాని అడుగును రుద్దుతున్నాడు. కత్తి విడిచిన గీత అడుగున పదునుగా ఉంటుంది. ముడుచుకునే ఒత్తిడంతా వచ్చి ఆ మొనలోనే చేరుతుంది, గీత వెంబడే చీలుతుంది. అడుగు గుండ్రంగా ఉంటే ఒత్తిడి చెదిరిపోతుంది. లోతు కూడా పై పూతలోనే ఆగాలి, మెష్ తగలకూడదు. తర్వాత ఇనుప బ్రష్‌తో పైనుంచి కిందికి ఒక్క దువ్వు. రాలిన నలుసు ఊడ్చాక అది సిమెంటని మీకు తెలిసి కూడా గోరుతో గీకి చూడబుద్ధేస్తుంది.

కుర్రాడు తడి కుంచె తెచ్చి ముడిని నున్నగా చేయబోయాడు. "ఆగరా!" అన్న కేకకు మీరూ ఉలిక్కిపడతారు. పచ్చి మాలును తడి కుంచెతో రుద్దితే సిమెంటు పాలు పైకి తేలి చర్మం కడుతుంది. ఆ చర్మం లోపలి మాలు కంటే ఎక్కువ ముడుచుకుని అల్లిబిల్లిగా సన్న పగుళ్లు వేస్తుంది. నున్నదనం కోసం పొడి సిమెంటు చల్లడం ఇంకా చేటు. వెనకటి గానుగ సున్నం పనిలో సన్నపాటి చీలికలు కాలం గడిచేకొద్దీ వాటంతటవే పూడేవి. సిమెంటు దగ్గర అంత క్షమ ఆశించొద్దు.

తొమ్మిదయ్యింది, పని ఆపేశారు. చెక్కిన మేర మీద పొగమంచంత సన్నటి తుంపర కొట్టి ప్లాస్టిక్ షీటు చుట్టేస్తున్నారు. గోనెపట్టా రేపటికి, ఇవాళ కప్పితే గీతలు చెదురుతాయి. పైపు ధార కూడా ఇవాళ వద్దు. రంగులు నెల దాటాకే.

కాంక్రీటు పనికి మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం ఎండా పొడిగాలీ ఉన్నచోట కనీసం 10 రోజులు తడపాలి. పీపీసీ లాంటి మిశ్రమ సిమెంటైతే 14 రోజులకు పెంచమంటుంది. మన ఊళ్లలో జరిగేది వేరు. చెక్కడం పూర్తికాగానే మేస్త్రి ఇంకో ఊరి పనికి పోతాడు, వాచ్‌మన్ గుర్తొచ్చినప్పుడు బకెట్టు గుమ్మరిస్తాడు. పొద్దున తడిసి మధ్యాహ్నం ఎండిన బొమ్మ సరిగా తడిసినట్టు కాదు. మీరూ ఇలాంటిది కట్టించుకుంటుంటే ఎస్టిమేటులో బెరడు అందం తర్వాత చూడండి, ముందు 14 రోజుల తడుపు కూలి, పందిరి ఖర్చు ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే రాయించండి. అంత పెట్టలేమనుకుంటే పనిని కార్తీకం దాకా ఆపుకోండి. అప్పుడూ తడపాల్సిందే గానీ వడగాలి ఉండదు.