ఫించ్ పక్షులకు పచ్చి ఆకు, పాలకంకులు

ఎండు గింజలు మాత్రమే తినే ఫించ్ జంట గుడ్లు పెడుతుంది, పొదుగుతుంది కూడ. కాని గూటిలోని పిల్లలు వారం తిరగక మునుపే చనిపోవడం, గుడ్డు అడ్డుపడి తల్లి పక్షి మరణించడం పెంపకందారులకు తరచుగా ఎదురయ్యే అనుభవాలు. అన్ని వేళలా దీనికి రోగమే కారణం కాదు. మేతలోని లోపం కూడ కావచ్చును. ఎండిన కొర్రలలో పిండిపదార్థం పుష్కలంగా ఉంటుంది; కాల్షియం, ఎ విటమిను చాల తక్కువ. ఆ లోటును చాల వరకు తీర్చేవి పచ్చి ఆకు, పాలు పోసుకున్న గడ్డి కంకి. ముళబాగిలు తాలూకాలోని కురుడుమలె చుట్టుప్రక్కల పల్లెలలో ఈ రెండూ డబ్బు పెట్టి కొనవలసిన వస్తువులు కావు.

పెంచదగిన పక్షులు ఏవో ముందుగా తెలిసికొనవలెను. జీబ్రా ఫించ్ ఆస్ట్రేలియాకు చెందినది. బరువు సుమారు 12 గ్రాములు. బెంగాలీ ఫించ్ పేరుకు బెంగాలీయే గాని, జపాను దేశంలో తరతరాలుగా ఇండ్లలో పెంచబడి రూపొందిన పక్షి. మన రాగి చేలపై గుంపులుగా వాలే మునియాలు (జీనువాయి పిట్టలు) చూపునకు వీటివలెనే ఉన్నప్పటికీ, వాటిని వల వేసి పట్టడం, అమ్మడం, పంజరంలో ఉంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరము. ఎర్ర మునియా శాస్త్రనామంలోని ‘అమండవ’ అనే మాట అహ్మదాబాదు నగరం పేరు నుండి వచ్చినది. ఒకప్పుడు ఈ పిట్టలను పట్టి అక్కడి నుండి ఓడలకెక్కించేవారు. ఆ వ్యాపారానికి కాలం చెల్లినది.

జీబ్రా ఫించ్ తన స్వస్థలంలో వాన కురిసి గడ్డి విత్తు కట్టే కాలాన్ని చూచుకొని గూడు కడుతుంది. తల్లిదండ్రులు గింజను పొట్టు వలిచి, మింగి, మెత్తబడిన దానిని కక్కి పిల్లల నోటిలో పెడతాయి. గట్టి ఎండు గింజ కంటె పాలు నిండిన లేత గింజ ఈ పనికి ఎంతో అనువైనది. నీరు అధికము, జీర్ణం సులభము. కంకి ఏ దశలో ఉన్నదో రైతు కుటుంబాలకు వేరుగా చెప్పనక్కరలేదు. గింజను గోటితో నొక్కితే తెల్లని పాలు రావలెను. పిల్లలు ఊచబియ్యం కోసం కంకులు కోసుకునే దశకు కాస్త ముందుగా కోస్తే సరిపోతుంది.

వానాధారపు రాగి పైరు ఆశ్వయుజ, కార్తీక మాసాలలో ఈ దశకు వస్తుంది. రోజుకు రెండు వెన్నులు ఒక జంటకు చాలును. రాగిలో 100 గ్రాములకు సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది కనుక గుడ్లు పెట్టే పక్షికి ఇది మిగిలిన చిరుధాన్యాల కంటె మేలు. కొర్ర (కన్నడంలో నవణె), సామ, ఊద కంకులు కూడ ఇష్టంగా తింటాయి. పైరు లేని రోజులలో గట్టుమీది కలుపు గడ్డే ఆధారము: గరిక, ఊదగడ్డి, రాగివలె వేళ్ళు చాచే అడవి గడ్డి, పశువులకు పెంచే గినీ గడ్డి. కురుడుమలె వినాయకునికి ప్రీతిపాత్రమైన గరికను ఫించ్‌లూ గింజతో సహా కొరుకుతాయి. అయితే పూజ ముగిసిన గరికను వేయరాదు. కుంకుమ, నూనె అంటి ఉంటాయి.

ఆకుకూరలలో మునగాకుది మొదటి స్థానము. కొత్తిమీర, మెంతికూర మంచివే. పాలకూర, తోటకూర, గంగపాయల కూరలలోని ఆక్సాలిక్ ఆమ్లం కాల్షియాన్ని పట్టి ఉంచుతుంది కనుక వాటిని రోజూ గాక మార్చి మార్చి ఇవ్వవలెను. వయ్యారిభామ, ఉమ్మెత్త, లాంటానా, బటర్‌ఫ్రూట్ చెట్టు ఆకు దరి చేర్చరాదు. ఆకు ఎంత మంచిదైనా ఉడికించిన కోడిగ్రుడ్డు పెంకు పొడి, కటిల్‌బోన్ పంజరంలో ఉండవలసినదే.

అన్నిటికన్న పెద్ద ప్రమాదం పురుగుమందు. పట్టుపురుగులను సాకే ఇండ్లలో ఈ సంగతి చిన్నపిల్లలకు సైతం తెలుసు: ప్రక్క చేనిలో మందు కొట్టితే మల్బరీ ఆకును తట్టకెత్తరు, రోజులు లెక్కిస్తారు. 12 గ్రాముల పక్షికీ అదే నియమము. టమాట తోట గట్టున మొలిచిన గడ్డి కంటికి ఎంత పచ్చగా కనిపించినా కోయరాదు. ఇమిడాక్లోప్రిడ్ వంటి మందులు మొక్క లోపలికే ప్రవేశిస్తాయి. ఎన్ని నీళ్ళలో కడిగినా పోవు. జాతీయ రహదారి ప్రక్క గడ్డి, 2001లో మూతపడిన కోలారు బంగారు గనుల వద్ద గల సైనైడ్ దిబ్బల మీది గడ్డి కూడ పనికిరావు. కోళ్ళు తిరిగే పెరటి గడ్డితో రెట్ట ద్వారా పరాన్నజీవులు సోకుతాయి. జిగట బొట్లు కారే కంకిని, నల్లబడిన కంకిని పారవేయవలెను.

మందు తగలని గట్టు నుండి తెచ్చినదైనా రెండు మూడు నీళ్ళలో కడిగి, విదిలించి, తడి ఆరిన తరువాత కాడలతో చిన్న కట్టగా కట్టి పంజరం కమ్మికి వ్రేలాడదీయవలెను. నేలమీద వేసినది రెట్టతో కలుస్తుంది. అలవాటు లేని పక్షికి మొదటి రోజున ఒకటి రెండు ఆకులే చాలును. ఒక్కసారిగా పెడితే రెట్ట పలుచనవుతుంది. కొత్త మేతను కొన్ని పక్షులు రెండు మూడు రోజులు ముట్టకపోవచ్చును, విడువక పెట్టవలెను. సాయంత్రానికి మిగిలినది తీసివేయవలెను. ప్లాస్టిక్ సంచిలో కుక్కిన గడ్డి వేడెక్కి బూజు పడుతుంది.

గట్లు ఎండిపోయే చైత్ర వైశాఖాలలో మొలకలే గతి. కొర్రలను రాత్రి నానబెట్టి, ఉదయం కడిగి, తడిగుడ్డలో మూట కట్టి, పూటకొకసారి కడుగుతూ, ముక్కు తెల్లగా కనిపించగానే పెట్టవచ్చును. పుల్లని వాసన వస్తే మొత్తం పారవేయవలసినదే. పంజరంలో పెట్టినవి ఎండవేళ రెండు మూడు గంటలకు మించి ఉంచరాదు. ఫ్రిజ్ ఉన్నవారు కార్తీకంలో కోసిన పాలకంకులను మంచుగడ్డ కట్టే అరలో దాచుకొని, జంట గుడ్లు పొదిగినప్పుడు పూటకు కావలసినన్ని మాత్రమే బయటకు తీసి చల్లదనం పోయిన తరువాత ఇవ్వవచ్చును. జీబ్రా ఫించ్ గుడ్లు సుమారు రెండు వారాలకు పిల్లలవుతాయి. మరి మూడు వారాలలోపే పిల్లలు గూడు విడుస్తాయి. పాలకంకులు తప్పక అందవలసినది ఆ మూడు వారాలలోనే.