లాసా టెర్రేన్: టిబెట్ పీఠభూమి ఎలా లేచింది?

2025 జనవరి 7న దక్షిణ టిబెట్‌లోని టింగ్రీ ప్రాంతంలో 7.1 తీవ్రతతో భూకంపం సంభవించి, వందమందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. ఈ విపత్తుకు కారణం తెలియాలంటే, ఆ పీఠభూమి ఏర్పడిన తీరును తెలుసుకోవాలి.

అతుకుల బొంత

సుమారు 25 లక్షల చదరపు కిలోమీటర్ల విస్తీర్ణం గల టిబెట్ పీఠభూమి ఒకే శిలాఖండం కాదు. వేర్వేరు కాలాల్లో వచ్చి ఆసియాకు అతుక్కున్న భూఖండాల సముదాయం. సొంత భౌగర్భిక చరిత్ర గల ఇటువంటి ఖండాన్ని శాస్త్రవేత్తలు ‘టెర్రేన్’ అంటారు. వీటిలో దక్షిణాన ఉన్నది లాసా టెర్రేన్. దీనికి ఉత్తరాన బాంగాంగ్-నుజియాంగ్, దక్షిణాన సింధు-యార్లుంగ్ సాంగ్పో అతుకు రేఖలు హద్దులు. ఈ రెండూ అంతరించిన సముద్రాల ఆనవాళ్లే.

రెండు తాకిడులు

గోండ్వానా మహాఖండం నుంచి విడివడిన లాసా ఖండం ఉత్తరానికి జరిగి, జురాసిక్ చివర, క్రెటేషియస్ ఆరంభ కాలాల్లో చాంగ్‌తాంగ్ టెర్రేన్‌ను తాకింది. క్రెటేషియస్ మధ్యకాలంలో కూడా ఇక్కడ లోతులేని సముద్రం ఉండేదని లాసా పరిసరాల సున్నపురాళ్లలోని సముద్రజీవుల శిలాజాలు చెబుతున్నాయి. మరోవైపు టెథిస్ సముద్రపు అడుగు దక్షిణం నుంచి ఈ ఖండం కిందికి చొచ్చుకుపోవడంతో అగ్నిపర్వతాలు, గ్రానైట్ రాళ్లతో గాంగ్‌డీస్ పర్వతశ్రేణి రూపుదిద్దుకుంది. సుమారు 5 నుంచి 6 కోట్ల ఏళ్ల క్రితం టెథిస్ మూసుకుపోయి, భారత ఫలకం ఆసియాను ఢీకొంది.

కోట్లాది భక్తులు ఆరాధించే కైలాస శిఖరం ఈ శ్రేణిలోనిదే. అయితే అది గ్రానైట్ కాదు. చుట్టుపక్కల కొండలు అరిగిపోగా నదులు మోసుకొచ్చిన గులకరాళ్లు, ఇసుక గట్టిపడి ఏర్పడిన అవక్షేప శిల.

ఎత్తు ఎలా వచ్చింది?

టిబెట్ కింద భూపటలం మందం సుమారు 70 కిలోమీటర్లు. ఇది సాధారణ ఖండ పటలానికి దాదాపు రెట్టింపు. తేలికైన పటలం మందమైన కొద్దీ, నీటిలో తేలే దుంగ మాదిరిగా పైకి లేస్తుంది. భారత ఫలకం ఆసియా కిందికి దూరడమే ఈ మందానికి కారణమని స్విస్ శాస్త్రవేత్త ఎమిల్ ఆర్గాండ్ 1924లోనే ప్రతిపాదించారు. పటలం ముడతలు పడి కుదించుకుపోవడం, అడుగున ఉన్న బరువైన పొర విరిగి జారిపోవడం కూడా కారణాలేనని తరువాతి పరిశోధకులు వాదించారు.

పీఠభూమి అంతా ఒకేసారి లేవలేదు. గాంగ్‌డీస్ శ్రేణి ముందే గణనీయమైన ఎత్తుకు చేరినట్లు పురాతన శిలల్లోని ఆక్సిజన్ ఐసోటోపులు సూచిస్తున్నాయి. కాగా మధ్య టిబెట్‌లోని లున్‌పోలా లోయలో దొరికిన తాటి జాతి ఆకు శిలాజం భిన్నమైన సాక్ష్యం ఇస్తోంది. సుమారు 2.5 కోట్ల ఏళ్ల క్రితం నాటి ఆ చెట్టు నేటి ఎత్తులోని చలిని తట్టుకోలేదు. కనుక అప్పటికి ఆ లోయ చాలా దిగువన ఉండేదని 2019లో వెలువడిన అధ్యయనం తేల్చింది.

నేటికీ ఆగని కదలిక

భారత ఫలకం ఇప్పటికీ ఏటా 4 నుంచి 5 సెంటీమీటర్ల మేర ఉత్తర దిశగా కదులుతోంది. ఆ ఒత్తిడితో హిమాలయాలు కుదించుకుపోతుంటే, పీఠభూమి మాత్రం తూర్పు-పడమరలుగా సాగుతోంది. సాగినచోట నేల చీలి, ఒక పక్క కిందికి కుంగుతుంది. టింగ్రీ భూకంపం ఇటువంటి చీలిక వెంటే వచ్చింది. సింధు, సట్లెజ్, బ్రహ్మపుత్ర నదులు పుట్టేదీ, నైరుతి రుతుపవనాల తీరును ప్రభావితం చేసేదీ ఈ పీఠభూమే. అందుకే అక్కడి భూమి కదలికలను గమనించడం దక్షిణాసియా అంతటికీ అవసరం.